వెనక నుంచి కారు గుద్దితే: తప్పెవరిదో తేల్చుకోవడం, నష్టం రాబట్టుకోవడం ఎలా

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మీ కారును వెనక నుంచి వచ్చిన మరో కారు గుద్దింది. దిగి చూస్తే బంపర్ మీద అరచేతి వెడల్పు సొట్ట కనిపిస్తుంది. వెనక ఆగిన బండ్లన్నీ హారన్లు మోగిస్తుంటాయి, గుద్దిన వ్యక్తి కంగారుగా జేబులోంచి ఫోన్ తీసి, "ఏం కాలేదు సార్, చిన్న సొట్టే, రెండు వేలు పంపిస్తాను" అంటాడు. ఆ క్షణంలో మీరు చెప్పే మాట, తీసుకునే ఫొటో, పుచ్చుకునే డబ్బు తరువాతి కొన్ని నెలల పాటు మీ వెంట వస్తాయి. చాలామంది తప్పు అవతలివారిదేనని తెలిసి కూడా నష్టంలో సగానికి పైగా తామే భరిస్తున్నారు. దానికి కారణం చట్టం వారికి వ్యతిరేకంగా ఉండటం కాదు, ఏ దారిలో వెళితే చేతికి ఎంత వస్తుందో లెక్క వేసుకోకుండానే మొదట కనిపించిన దారిలో వెళ్లిపోవడం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రోడ్ల మీద సొంత కారు నడుపుకునే వారిని దృష్టిలో పెట్టుకొని, ఏ పని తరువాత ఏ పని చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి పని: మనుషులు, తరువాతే బండి

హజార్డ్ లైట్లు వేయండి. కారులో ఉన్న ప్రతి ఒక్కరినీ మెడ, నడుము, తల గురించి విడివిడిగా అడగండి. వెనక నుంచి తగిలిన దెబ్బకు తల ఒక్కసారిగా వెనక్కి, ముందుకి ఊగుతుంది కాబట్టి, అక్కడికక్కడ ఏమీ తెలియకపోయినా మర్నాటికి మెడ పట్టేయడం చాలా మామూలు. ఎవరికైనా గాయమైతే 112కి గానీ 108కి గానీ ఫోన్ చేయండి. రోడ్డు ప్రమాదాల్లో గాయపడిన వారికి, నిర్దేశించిన ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజుల్లో 1,50,000 రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స అందించే పథకం 2025 మే నుంచి దేశమంతటా అమలులో ఉంది. ఆసుపత్రిలో ఆ మాట అడగడానికి మొహమాటపడకండి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట ప్రమాదం జరిగితే, రెండు కార్ల మధ్య నిలబడి సొట్టను పరిశీలించడం ప్రాణాంతకం. అక్కడ మొదటి రెండు లేన్లలో గంటకు 120 కిలోమీటర్ల వేగం వరకు అనుమతి ఉంది. రెయిలింగ్ అవతలికి వెళ్లి నిలబడి, ఫోన్లు అక్కడి నుంచే చేయండి. జాతీయ రహదారి మీదైతే సహాయానికి 1033 నంబరు ఉంది.

రెండో పని: బండ్లు కదిలేలోగా సాక్ష్యం

ట్రాఫిక్ ఎంత ఆగినా, బండ్లను పక్కకు తీసే ముందు ఒక్క నిమిషం మీది. మొదట కాస్త దూరం నుంచి, రెండు కార్లూ లేన్ గీతలూ ఒకే ఫ్రేములో పడేలా ఫొటో తీయండి. తరువాత రెండు నంబర్ ప్లేట్లు, సొట్టలు, రోడ్డు మీద పడిన పగిలిన ముక్కలు, టైర్ల గుర్తులు తీయండి. చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయో కనిపించే ఫొటో ఒకటి తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే అవతలి వ్యక్తి రేపు "ఈయన ఒక్కసారిగా మా లేన్‌లోకి దూరాడు" అంటే దానికి జవాబు ఆ చక్రాలే చెబుతాయి.

ఇంకొక పని చాలామందికి తోచదు. మీ పక్కనున్న వారిని కారులో కూర్చోబెట్టి బ్రేక్ తొక్కమని చెప్పి, వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నట్టు పది సెకన్ల వీడియో తీసుకోండి. "ఈయన కారుకు బ్రేక్ లైట్లే లేవు" అనే వాదన వెనక నుంచి గుద్దిన కేసుల్లో తరచూ వస్తుంది. గుద్దినప్పుడు పగిలిన లైటు ముందు నుంచీ పని చేయడం లేదా, ఇప్పుడే ఆగిపోయిందా అనేది తరువాత నిరూపించడం కష్టం. ఒక వైపు లైటు పగిలినా, రెండో వైపుదీ పైనున్నదీ వెలిగితే చాలావరకు సరిపోతుంది.

అవతలి డ్రైవర్ లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్స్ పాలసీ ఫొటోలు తీసుకోండి. ఇవ్వనంటే గొడవ పడవలసిన అవసరం లేదు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే దాని ఇన్సూరెన్స్ ఎప్పటి వరకు ఉందో కనిపిస్తుంది. గుద్దింది క్యాబ్ అయితే డ్రైవర్ నంబరుతో ఆగిపోకుండా యజమాని నంబరు కూడా అడగండి, ఎందుకంటే డ్రైవర్ తప్పుకు యజమాని కూడా బాధ్యుడే. ఎదురుగా ఉన్న దుకాణం సీసీ కెమెరా రోడ్డు వైపు తిరిగి ఉంటే ఆ రోజే వెళ్లి అడగండి. పాత రికార్డింగు మీదే కొత్తది ఎక్కుతుంది కాబట్టి ఆలస్యం చేస్తే దృశ్యం ఉండదు.

మూడో పని: తప్పు ఎవరిదో నిజాయితీగా తేల్చుకోండి

వెనక వచ్చేవాడిదే తప్పు అన్నది మన రోడ్ల మీద అందరూ చెప్పే మాట. చాలావరకు అది నిజం. ముందున్న బండి హఠాత్తుగా వేగం తగ్గించినా, ఆగినా గుద్దుకోకుండా ఉండేంత దూరం పాటించాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు వెనక డ్రైవర్ మీద బాధ్యత పెట్టాయి. అంటే "వాడు ఒక్కసారిగా బ్రేక్ వేశాడు" అన్నది దానంతట అదే సాకు కాదు, అలా వేస్తాడని ఊహించే దూరం పాటించమన్నారు. 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, లారీ వెనక 10, 15 అడుగుల దూరంలోనే వస్తున్న కారు ఆ లారీని గుద్దింది. అది సురక్షితమైన దూరం కాదని కోర్టు చెప్పింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 16 మీటర్లకు పైగా ముందుకు వెళుతుంది. 15 అడుగులంటే నాలుగున్నర మీటర్లు, కాలు బ్రేక్ మీదికి వెళ్లే లోపే ఆ దూరం అయిపోతుంది.

అయితే అవే నిబంధనలు ముందున్న డ్రైవర్‌కు కూడా ఒక మాట చెప్పాయి. బలమైన కారణం లేకుండా హఠాత్తుగా బ్రేక్ వేయకూడదు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీన్ని బాగా తెలుపుతుంది. 2017లో కోయంబత్తూరులో హైవే మీద వెళుతున్న కారు, గర్భిణి అయిన భార్యకు వాంతి వచ్చిందని ఏ సిగ్నలూ ఇవ్వకుండా ఒక్కసారిగా ఆగింది. వెనక మోటారు సైకిల్ మీద వస్తున్న ఇంజినీరింగ్ విద్యార్థి కారును తగిలి రోడ్డు మీద పడ్డాడు, ఆ వెనక వచ్చిన బస్సు కాలి మీదుగా వెళ్లింది, కాలు తీసేయాల్సి వచ్చింది. కోర్టు తప్పును ముగ్గురికీ పంచింది: కారు డ్రైవర్‌కు 50 శాతం, బస్సు డ్రైవర్‌కు 30 శాతం, తగినంత దూరం పాటించని, లైసెన్సు లేని ఆ విద్యార్థికి 20 శాతం. హైవే మీద ఆగవలసి వస్తే వెనక వారికి తెలియజేయడం ఆగేవారి బాధ్యత అని ఈ తీర్పు సారం. ఆ కుర్రవాడి పరిస్థితి తలుచుకుంటే, ఇండికేటర్ వేసి పక్కకు తీయడానికి పట్టే నాలుగు సెకన్ల విలువ ఎంతో అర్థమవుతుంది.

కాబట్టి మీరు ముందున్నవారైనా సరే, ఈ ప్రశ్నలు వేసుకోండి. గుద్దే ముందు మీరు లేన్ మారారా? ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు మీ కారు అడుగో రెండడుగులో వెనక్కి జారిందా? యూ టర్న్ దాటిపోయిందని రివర్స్ తీస్తున్నారా? చీకట్లో ఏ లైటూ లేకుండా రోడ్డు మీద బండి నిలిపారా? వీటిలో ఏ ఒక్కటైనా అవునైతే తప్పు పూర్తిగా అవతలివారిదే అని పట్టుబట్టకండి. చివరి ప్రశ్నకు సంబంధించి 2018లోనే సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన మరో కేసులో, రాత్రి పూట లైట్లు, హెచ్చరిక గుర్తులు లేకుండా రోడ్డు మధ్యలో నిలిపిన గ్యాస్ ట్యాంకరును గుద్దిన కారు డ్రైవర్ మీద తప్పులో సగ భాగం మోపడాన్ని కోర్టు కొట్టివేసింది. అంటే వెనక నుంచి గుద్దినవారికి తప్పులో భాగమే లేని సందర్భాలు కూడా ఉన్నాయి.

మూడు కార్లు వరుసగా గుద్దుకున్నప్పుడు చిక్కు ఎక్కువ. మూడోది రెండోదాన్ని గుద్ది, ఆ ఊపుకు రెండోది మొదటిదాన్ని గుద్దితే, మొత్తం నష్టం మూడో కారు మీదికే వెళుతుంది. కానీ రెండో కారు ముందే మొదటిదాన్ని గుద్ది ఆగిన తరువాత మూడోది వచ్చి తగిలితే, మొదటి కారు నష్టానికి రెండో కారు జవాబు చెప్పాలి. దీన్ని తేల్చడానికి మొదటి కారులో ఉన్నవారిని వెంటనే ఒక్క ప్రశ్న అడగండి: "మీకు కుదుపు ఒక్కసారి తగిలిందా, రెండుసార్లా?" ఒకసారే అయితే రెండో కారును వెనక నుంచి నెట్టారని చెప్పడానికి బలం వస్తుంది. ఆ జవాబును, వారి సమ్మతితో, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. గంట గడిస్తే ఎవరి జ్ఞాపకం వారికి అనుకూలంగా మారిపోతుంది.

నాలుగో పని: పోలీసుల దగ్గరికి వెళ్లాలా?

గాయాలుంటే వెళ్లి తీరాలి. గాయాలు లేకుండా అవతలివారి ఆస్తికి మాత్రమే నష్టం జరిగినా, మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవర్ దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో వీలైనంత త్వరగా, ఎలాగైనా 24 గంటల లోపు తెలియజేయాలి, తన బీమా కంపెనీకి వివరాలు రాసి ఇవ్వాలి. చిన్న సొట్టలకు ఎవరూ స్టేషన్‌కు వెళ్లని మాట వాస్తవమే. అయినా అవతలివారు తప్పు ఒప్పుకోకపోయినా, కారు బాగా దెబ్బతిన్నా, గుద్ది పారిపోయినా కనీసం స్టేషన్‌లో రోజువారీ ఘటనలు రాసే జనరల్ డైరీలో నమోదు చేయించి, నంబరు రాసుకోండి. మోటారు ప్రమాదాల కేసులు వినే నష్టపరిహార ట్రిబ్యునల్ దాకా వెళ్లవలసి వస్తే ఆ కాగితం లేకపోవడం పెద్ద లోటు.

ఐదో పని: బంపర్ విప్పించకుండా ధర మాట్లాడకండి

ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. ఇప్పటి కార్ల బంపర్ ప్లాస్టిక్. అది లోపలికి వంగి, తిరిగి యథాస్థితికి వచ్చేస్తుంది. పైకి రెండు గీతలు తప్ప ఏమీ లేనట్టు కనిపిస్తుంది. షెడ్డులో మెకానిక్ బంపర్ విప్పితే లోపల క్లిప్పులు విరిగి ఉంటాయి, వాటి వెనకనున్న ఇనుప అడ్డపట్టీ మధ్యలో లోతుగా వంగి ఉంటుంది, ఇంకా లోపలికి చూస్తే స్టెప్నీ కింది రేకు మడత పడి, ఆ మడత దగ్గర పెయింటు పొట్టు లేచి ఉంటుంది. ఆ మడతను వదిలేస్తే కొన్నాళ్లకు అక్కడే తుప్పు పడుతుంది.

ఇంటి దగ్గరే మీరు చేయగల పరీక్ష ఒకటుంది. డిక్కీ మూసి, తలుపుకూ పక్క ప్యానెల్‌కూ మధ్యనున్న సందులో చూపుడు వేలి గోరు పెట్టి పై నుంచి కిందికి జరపండి. కుడి వైపు సందు సమానంగా ఉండి, ఎడమ వైపు కిందికి వచ్చేసరికి గోరు ఇరుక్కుంటే, దెబ్బ బంపర్ దాటి బాడీ దాకా వెళ్లిందన్నమాట. కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనూ, నమ్మకమైన బయటి షెడ్డులోనూ విడివిడిగా రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోండి.

ఆరో పని: ఏ దారిలో ఎంత చేతికి వస్తుందో కాగితం మీద వేయండి

మీ ముందు మూడు దారులుంటాయి: మీ సొంత పాలసీలో క్లెయిమ్ పెట్టడం, గుద్దినవారి దగ్గర నేరుగా డబ్బు తీసుకోవడం, ట్రిబ్యునల్‌కు వెళ్లడం. అవతలివారి బీమా కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లే వచ్చి మీ కారు బాగు చేయిస్తారని అనుకునేవారున్నారు. మన దగ్గర మామూలుగా అలా జరగదు. థర్డ్ పార్టీ పాలసీ కింద మీ కారు నష్టం రాబట్టాలంటే సాధారణంగా ట్రిబ్యునల్ ఉత్తర్వు కావాలి.

సొంత పాలసీ దారిని ఒక ఉదాహరణతో చూద్దాం. ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలు. కారు వయసు మూడున్నరేళ్లు, ఇంజిన్ 1500 సీసీ లోపు, భాగాల తరుగు కోయకుండా చెల్లించే జీరో డెప్రిసియేషన్ (జీరో డెప్) కవర్ లేదు. ఎస్టిమేట్‌లో వెనక బంపర్ 9,000, టెయిల్ ల్యాంప్ 5,000, డిక్కీ తలుపు 8,000, పెయింటింగ్ 10,000, లేబర్ 4,000, జీఎస్టీ పక్కన పెడితే మొత్తం 36,000 రూపాయలు. ప్లాస్టిక్ భాగాలకు తరుగు 50 శాతం కాబట్టి బంపర్, ల్యాంప్ మీద 7,000 పోతుంది. మూడేళ్లు దాటి నాలుగు లోపున్న కారుకు ఇనుప భాగాల మీద తరుగు 25 శాతం, అంటే డిక్కీ మీద 2,000. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును సామగ్రిగా లెక్కించి అందులో సగం కోస్తారు, అది 1,250. దీనికి తప్పనిసరిగా మీరు భరించవలసిన 1,000 కలపండి. మొత్తం 11,250 మీ జేబులోంచి, 24,750 కంపెనీ నుంచి.

లెక్క ఇక్కడితో అయిపోలేదు. ఈ కారుకు ఇప్పటికి మూడేళ్లు క్లెయిమ్ లేదు, క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, 35 శాతం నడుస్తోంది. క్లెయిమ్ పెట్టకపోతే వచ్చే ఏడు 45, ఆ తరువాత 50 శాతం వస్తుంది. పెడితే సున్నాకు పడి, 20, 25, 35, 45 మెట్లు మళ్లీ ఎక్కాలి. సొంత నష్టం ప్రీమియం ఏటా 8,000 అనుకుంటే, పోయే తగ్గింపు వరుసగా 45, 30, 25, 15, 5 శాతం, అంటే ఐదేళ్లలో 9,600 రూపాయలు. కారు విలువ తగ్గుతూ ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి నిజానికి కొంచెం తక్కువే కావచ్చు. అయినా తప్పు చేయని మీరు 36,000 రూపాయల నష్టంలో దాదాపు 20,000 భరిస్తున్నారు. తప్పు చేసినవారు ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా ఇంటికి వెళ్లారు. నాకు ఇందులో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అందుచేత ఎస్టిమేట్ చూపించి మొత్తం 36,000 అడగడం మీ హక్కు. ఇవ్వలేనంటే, క్లెయిమ్ పెట్టి మీకు కోత పడే 11,250 రూపాయలతో పాటు బోనస్ నష్టంలో కొంతైనా భరించమని అడగండి. చాలామంది న్యాయంగా అడిగితే ఒప్పుకుంటారు. బీమా ద్వారా వచ్చిన మొత్తాన్నే గుద్దినవారి దగ్గర కూడా వసూలు చేయకూడదు, ఒక నష్టానికి రెండుసార్లు పరిహారం ఉండదు. జీరో డెప్ ఉంటే కోత తప్పనిసరిగా భరించవలసిన ఆ 1,000 రూపాయల దగ్గర ఆగుతుంది, అప్పుడు బోనస్ ఒక్కటే తూకం వేసుకోవాలి.

ఏడో పని: నగదు ఒప్పందమైతే రాసుకోండి

డబ్బు యూపీఐ ద్వారానే తీసుకోండి. తెల్ల కాగితం మీద తేదీ, సమయం, స్థలం, రెండు బండ్ల నంబర్లు రాసి, "ఈ ప్రమాదంలో ఫలానా నంబరు కారు వెనక భాగానికి జరిగిన నష్టానికి, జతపరిచిన ఎస్టిమేట్ ప్రకారం ఇంత మొత్తం చెల్లించడమైనది, వాహనానికి జరిగిన నష్టం విషయంలో ఇక ఎలాంటి బాకీ లేదు" అని రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. "వాహనానికి జరిగిన నష్టం" అనే మాట వదలకండి. మర్నాడు మెడ నొప్పి బయటపడితే ఆ హక్కు మీకు మిగిలి ఉండాలి. బంపర్ విప్పకముందే "పూర్తి పరిష్కారం" అని సంతకం చేయడం ఎంత మాత్రం తగదు. అలాగే మీ పాలసీలో క్లెయిమ్ పెట్టే ఆలోచన ఉంటే గుద్దినవారికి బాకీ లేదని రాసి ఇవ్వకండి. మీకు చెల్లించిన కంపెనీకి ఆ సొమ్మును తప్పు చేసినవారి నుంచి రాబట్టుకునే హక్కు ఉంటుంది, దాన్ని మీరు వదులుకుంటే మీ క్లెయిమ్‌కే చిక్కు వస్తుంది.

మీరే వెనక నుంచి గుద్దితే

పారిపోకండి, అబద్ధం చెప్పకండి. అదే సమయంలో, ప్రామాణిక మోటారు పాలసీలో ఒక షరతు ఉందని గుర్తుంచుకోండి: కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోవడం, చెల్లిస్తానని మాట ఇవ్వడం చేయకూడదు. చిన్న సొట్టకు మీ జేబులోంచి ఇచ్చి ముగించుకోవడం వేరు, పెద్ద నష్టానికి రాసి ఇచ్చి, తరువాత కంపెనీని కట్టమనడం వేరు. పెద్ద నష్టమైతే "నా పాలసీ వివరాలు ఇవిగో, కంపెనీకి ఇప్పుడే చెబుతున్నాను" అనడం మర్యాద, క్షేమం కూడా. మీ ప్రైవేటు కారు పాలసీలో అవతలివారి ఆస్తి నష్టానికి మామూలుగా 7,50,000 రూపాయల వరకు రక్షణ ఉంటుంది. ప్రీమియం కొంచెం తగ్గుతుందని దాన్ని 6,000 రూపాయలకు కుదించుకున్నారేమో పాలసీ కాగితం తీసి ఈ రోజే చూసుకోండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మీ కారు ముందు భాగం ఖర్చు పూర్తిగా మీదే. అసలు బీమాయే లేకపోతే అవతలివారి నష్టం మీ ఆస్తి నుంచి చెల్లించాలి. దానిపై మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు శిక్షకు కూడా చట్టంలో వీలుంది.

క్లెయిమ్ దారిలో వెళితే, అది కుదరకపోతే

సొంత పాలసీ దారినే ఎంచుకుంటే వెంటనే కంపెనీకి తెలియజేయండి, సర్వేయర్ చూసేదాకా మరమ్మతు మొదలుపెట్టవద్దు. బంపర్ విప్పేటప్పుడు మీరు అక్కడే ఉండి, లోపలి నష్టాన్ని సర్వేయర్‌కు చూపించి అంచనాలో చేర్పించండి. తిరస్కరిస్తే, లేదా అన్యాయంగా కోస్తే, ముందుగా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులను పరిష్కరించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాద్‌లోని కార్యాలయం రెండు తెలుగు రాష్ట్రాలనూ చూస్తుంది, ఫీజు లేదు, లాయరు అవసరం లేదు, కంపెనీ జవాబు వచ్చిన ఏడాది లోపు వెళ్లాలి. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబరు 155255.

గుద్దినవారు పైసా ఇవ్వనంటే, నష్టం పెద్దదైతే ట్రిబ్యునల్ మిగులుతుంది. గాయాలకే కాదు, ఆస్తి నష్టానికి కూడా అక్కడ దరఖాస్తు చేయవచ్చు. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు నివసించే చోట కూడా వేయవచ్చు, అంటే హైదరాబాద్‌లో దెబ్బతిన్న విజయవాడ కారు యజమాని విజయవాడలోనే దాఖలు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు దరఖాస్తు పడాలి. బేరాలాడుతూ, "వచ్చే నెల ఇస్తాను" అనే మాట వింటూ ఆ గడువు దాటనివ్వకండి. ఫొటోలు, డైరీ నంబరు, రెండు ఎస్టిమేట్లు, చెల్లించిన బిల్లులు అన్నీ ఒకే కవరులో ఉంచి, ఐదో నెల రాకముందే లాయరుకు చూపించండి. నష్టం పదీ ఇరవై వేలే అయితే మాత్రం అక్కడ పట్టే కాలం, తిరుగుడు దృష్ట్యా నేను ఈ దారి సూచించను.

కారు తిరిగి తీసుకునే రోజు పగటి వెలుగులో వెళ్లండి. మార్చిన పాత భాగాలు చూపించమనండి. డిక్కీ సందులో మళ్లీ గోరు పెట్టి జరపండి. డిక్కీ మూయించి దాని మీద ఐదు నిమిషాలు పైపుతో నీళ్లు పట్టించి, తరువాత స్టెప్నీ ఎత్తి కింద తడి ఉందేమో చేత్తో తడిమి చూడండి. తడి ఉంటే రబ్బరు బీడింగ్ గానీ, రేకు గానీ సరిగా కూర్చోలేదు. అది సరి చేయించిన తరువాతే పని పూర్తయిందన్న కాగితం మీద సంతకం చేయండి.